తెలిసింది ఒకరికి, సంతకం మరొకరిది



ఆఫీసులో ఇద్దరు. ఒకరు పెద్ద కుర్చీలోకి కొత్తగా వచ్చినవారు. ఇంకొకరు ఆ కుర్చీ చుట్టూ పాతికేళ్లుగా పనిచేస్తూ, అందులో కూర్చుని వెళ్లినవాళ్లందరినీ చూసినవారు. మొదటివారికి రెండోవారిని చూస్తే గుబులు. పైకి చెప్పరు. మాటలో, మెమోలో, సీటు మార్పులో అది బయటపడుతుంది. ఎమ్మార్వో ఆఫీసులోనూ, స్కూల్లోనూ, ఆస్పత్రిలోనూ ఈ కథ ఉన్నదే. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని కాబట్టి ఆ ఇంటి సంగతే చెబుతాను.

ఇది వట్టి గుణాల తగాదా అనుకుంటాం. ఆయన అసూయపరుడు, ఈయన అహంకారి అని ఇద్దరికీ చెరో పేరు పెట్టేస్తాం. బ్యాంకుల వరకు చూస్తే ఇందులో సగం గుణమైతే సగం చరిత్ర. 1969లో 14 బ్యాంకులు, 1980లో మరో 6 బ్యాంకులు జాతీయమయ్యాక ఊరూరా బ్రాంచీలు తెరిచారు. గుమాస్తాలను పెద్ద ఎత్తున తీసుకున్నారు. తొంభైల్లోకి వచ్చేసరికి కంప్యూటర్లు వస్తున్నాయి, మనుషులు ఎక్కువయ్యారు అన్నారు. కొత్త ఉద్యోగాలు బాగా తగ్గిపోయాయి. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే ప్రభుత్వ బ్యాంకుల నుంచి లక్షమందికి పైగా వెళ్లిపోయారు. మళ్లీ కొత్తవాళ్లు గుంపులుగా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2011లో బ్యాంకు ఉద్యోగాలకు ఐ.బి.పి.ఎస్. ఉమ్మడి పరీక్ష మొదలయ్యాక బ్రాంచీల్లోకి వచ్చినవాళ్లంతా కుర్రకారు. అటు చూస్తే యాభై దాటినవాళ్లు, ఇటు చూస్తే ముప్ఫై నిండనివాళ్లు. తాతకీ మనవడికీ మధ్య మాట అందించే తండ్రి లేని ఇల్లులా తయారయ్యాయి బ్రాంచీలు. ఆ మనవలే నాలుగైదేళ్లలో మేనేజర్లు అయ్యారు.

దీనికి తోడు బదిలీలు. మేనేజరు రెండు మూడేళ్లకు మించి ఒకచోట ఉండరు. క్లర్కుల్లో చాలామంది ప్రమోషన్ కావాలని అడగనే అడగరు. ఆఫీసరైతే ఎక్కడికో వేస్తారు, పిల్లల చదువులు, ఇంట్లో పెద్దవాళ్లు, ఊళ్లో రెండెకరాలు, ఇవన్నీ ఏమవ్వాలి? అందుకని ఆ క్లర్కు ఆ చుట్టుపక్కలే ఉండిపోతాడు. ఊళ్లో ఎవరి భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి కొడుకు హైదరాబాదులో ఉన్నాడు, ఏ అన్నదమ్ములకు మాటల్లేవు, అన్నీ తెలుసు. ఇక మేనేజరుకు తెలిసింది కంప్యూటరు తెర మీద కనిపించినంత మేరకే.

తెలిసిన మనిషికి అప్పు మంజూరు చేసే అధికారం ఉండదు. అధికారం ఉన్న మనిషికి ఊరు తెలియదు. అప్పు మొండిబాకీ అయితే రేపు వచ్చే విచారణలో సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మేనేజరే. ఆ ఫైలు మీద సంతకం ఆయనది. పక్కనే కూర్చుని 'ఆయనకి ఇవ్వకండి సార్' అన్న క్లర్కు మాట ఏ రికార్డులోనూ ఉండదు, 'ఇవ్వండి సార్, మంచి మనిషి' అన్న మాటా ఉండదు. కొత్త మేనేజరు గుబులుకు మూలం ఇక్కడుంది. సీనియర్ తన కుర్చీ లాక్కుంటాడని ఆయనకేమీ భయం లేదు. లాక్కోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆయన భయమల్లా, తన పేరున జరిగే పని తనకంటే ముందు వేరేవాళ్లకు తెలిసిపోతోందని. అందరికంటే ఆఖర్న తెలిసేది తనకేనని.

నేను దగ్గరుండి చూసిన ఒక బ్రాంచి సంగతి చెబుతాను. డెల్టాలో ఒక మండల కేంద్రం. బ్యాంకు పేరు, ఊరి పేరు అక్కర్లేదు. నేను అక్కడ అకౌంటెంటుని, అంటే మేనేజరు తర్వాతి ఆఫీసరుని. పంట రుణాల సీటులో ఒక సీనియర్ క్లర్కు ఉండేవారు. స్టాఫంతా ఆయన్ని 'గురువుగారూ' అనే పిలిచేవాళ్లం, అటెండరు దగ్గర్నుంచి నా వరకు. అప్పుడు బీహార్ నుంచి ఒక యువకుడు మేనేజరుగా వచ్చారు. చురుకైన మనిషి, సర్క్యులర్లు కంఠతా వచ్చు. తెలుగు ఒక్క ముక్క రాదు.

ఆయన క్యాబిన్‌కు అద్దాల గోడ. అందులోంచి హాలంతా కనిపిస్తుంది, మాట వినిపించదు. వినిపించినా అర్థం కాదు. పొద్దున్నే రైతులు వస్తారు, పాసుపుస్తకం పాలిథిన్ కవరులో చుట్టుకుని. క్యాబిన్ వైపు కన్నెత్తి చూడరు. తిన్నగా గురువుగారి కౌంటరు దగ్గరికి వెళ్లి నిలబడతారు. ఆయన ఏదో అంటారు, రైతు ఏదో అంటాడు, ఇద్దరూ నవ్వుతారు. పక్క కౌంటరువాళ్లు కూడా నవ్వుతారు. అద్దం అవతల కూర్చున్న కుర్రాడికి ఏమనిపిస్తుంది? నన్ను చూసే నవ్వుతున్నారు అనిపిస్తుంది. ఇంకెవరికైనా అంతే.

రెండు నెలలు తిరక్కుండా సంకేతాలు మొదలయ్యాయి. ముందు, 'ఇకమీదట ఏ కస్టమరైనా నన్ను కలిశాకే కౌంటరుకు వెళ్లాలి' అని నోటీసు అంటించారు. ఆ నోటీసు ఇంగ్లీషులో ఉంది, రైతులు దాన్ని చదవలేదు. తర్వాత స్టాఫ్ మీటింగులో పంట రుణాల గురించి మాట్లాడాల్సిన రోజునే గురువుగారిని క్యాష్ రెమిటెన్సుకు పంపారు. ఆయన చేసిన ఎంట్రీలన్నీ మొన్న చేరిన అమ్మాయిని మళ్లీ చూడమన్నారు. బ్యాంకులో ఒకరు ఎంట్రీ చేస్తే ఇంకొకరు ఆమోదించడం మామూలే, కానీ దాని మీద మూడో కన్ను పెట్టడం మామూలు కాదు. ఆఖరికి జూన్ నెలలో, సరిగ్గా ఖరీఫ్ రెన్యువల్స్ ముంచుకొచ్చే వేళకు, ఆయన్ని ఆ సీటు నుంచి తీసి పాసుబుక్కుల ప్రింటింగు దగ్గర కూర్చోబెట్టారు.

పంట రుణంలో గడువు ప్రాణం. అప్పట్లో మూడు లక్షల వరకు పంట రుణానికి వడ్డీ ఏడు శాతం. గడువులోగా కట్టిన రైతుకు కేంద్రం మూడు శాతం వెనక్కి ఇచ్చేది, అంటే నాలుగు శాతమే పడేది. ఒక్క రోజు దాటినా ఆ మూడు శాతం పోయేది. లక్ష మీద మూడు వేలు. గురువుగారు సీటులో ఉన్నప్పుడు గడువు వారం ఉందనగా రైతుకు కబురు వెళ్లేది. ఊళ్లో కిరాణా కొట్టు ద్వారానో, పాలకేంద్రంలోనో. కొత్తగా ఆ సీటులో కూర్చున్న కుర్రాడు సిస్టమ్ నుంచి మెసేజ్ పోతుంది కదా అన్నాడు. మెసేజ్ పోయింది. ఇంగ్లీషులో, ఎప్పుడో మార్చేసిన నంబర్లకు. కొందరికి గడువు దాటిపోయింది. వాళ్లొచ్చి హాల్లో గొడవపడ్డారు. గొడవపడి, అందరూ చూస్తుండగా పాసుబుక్కుల కౌంటరు వైపు తిరిగి, 'మీరుండగా ఇలా జరగలేదు కదండీ' అన్నారు. మేనేజరుకు తెలుగు రాకపోయినా ఆ చూపు అర్థమైంది. మర్నాడు గురువుగారికి మెమో. రైతులను రెచ్చగొట్టారని. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.

ఆ సాయంత్రం స్టాఫంతా టీ కొట్టు దగ్గర చేరాం. యూనియన్‌కి చెబుదాం, రీజనల్ ఆఫీసుకు రాద్దాం, రేపటి నుంచి మేమూ ఏమీ చెప్పం, ఎలా నడుపుతాడో చూద్దాం అని తలో మాట అన్నారు. ఈ మూడో మాట చాలా తియ్యగా ఉంటుంది. సీనియర్లు ఎక్కువమంది చేసేది అదే, నోరు కట్టేసుకుని కూర్చుని, తప్పు జరిగేదాకా చూసి, 'నన్నడిగారా?' అనడం. నాకు ఆ పద్ధతి మొదటి నుంచీ నచ్చదు. అందులో దెబ్బ తగిలేది మేనేజరుకు కాదు, కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి.

గురువుగారు ఎవరి మాటా కాదనలేదు, ఔననలేదు. మెమోకు నాలుగు వాక్యాల్లో జవాబు రాశారు. ఫలానా రోజు నేను ఫలానా కౌంటరులో ఉన్నాను, రైతులతో నేను మాట్లాడలేదు, వాళ్లే నన్ను పలకరించారు, వాళ్ల ఫిర్యాదు వడ్డీ రాయితీ గురించి. అంతే. సర్వీసు ఇంతని లేదు, అవమానమని లేదు. రెండో కాపీ మీద తేదీ వేయించుకుని, స్టాంపు కొట్టించుకుని జేబులో పెట్టుకున్నారు.

తర్వాత ఆయన చేసిన పని మాకెవరికీ తోచనిది. సిస్టమ్ నుంచి గడువు జాబితా ప్రింటు తీయించారు. ఇంటికి తీసుకెళ్లలేదు, రెండు మూడు సాయంత్రాలు బ్రాంచిలోనే కూర్చుని ఒక్కో పేరు పక్కన చేత్తో రాశారు. ఏ ఊరు, ఏ వీధి, ధాన్యం ఏ మిల్లుకు వేస్తాడు, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, కబురు ఎవరితో పంపితే చేరుతుంది. తెలుగు అక్షరాల్లో కాదు, మేనేజరు చదువుకోగలిగేలా ఇంగ్లీషులో. ఒక రోజు పొద్దున పదింటికి ముందు, హాల్లో ఎవరూ లేనప్పుడు, క్యాబిన్‌లోకి వెళ్లి ఆ కాగితాలు టేబుల్ మీద పెట్టారు. 'ఇవి మీ దగ్గర ఉంచండి సార్. నా దగ్గర కాపీ లేదు' అన్నారు. నేను తాళాలు తీసుకోవడానికి అక్కడే ఉన్నాను కాబట్టి విన్నాను. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర ఉంటాయి, ఇద్దరూ ఉంటే గానీ తలుపు తెరుచుకోదు.

మేనేజరు థాంక్స్ చెప్పలేదు. ఆ కాగితాలు తిరగేస్తూ ఉండిపోయారు. కానీ ఆ వారంలోనే నన్ను పిలిచి, ఈ మిల్లు ఎక్కడ అని అడిగారు. నేను గురువుగారిని అడగండి అన్నాను. అడిగారు. పదిహేను రోజులకు పొద్దున పదింటికి ముందు పది నిమిషాలు వాళ్లిద్దరూ క్యాబిన్‌లో మాట్లాడుకోవడం అలవాటైంది. రైతు ఎవరైనా పాసుబుక్కుల కౌంటరు దగ్గరికొస్తే గురువుగారు లేచి, అతన్ని క్యాబిన్‌లోకి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడి ఇద్దరి మాటలూ ఒకరికొకరు అర్థమయ్యేలా చెప్పేవారు. 'మేనేజరు గారు ఇలా అంటున్నారు' అనే అనేవారు, ఆ మాట మేనేజరుకు తట్టింది ఆయన చెప్పాకే అయినా.

న్యాయం జరిగిందా అంటే, జరగలేదు. ఆ మేనేజరు ఉన్నంత కాలం సీటు తిరిగి రాలేదు, మెమోను వెనక్కి తీసుకోలేదు. రికవరీ బాగుందని పై ఆఫీసు మెచ్చుకుంటే ఆ మెప్పు క్యాబిన్‌లోనే ఆగిపోయింది. అది మాకు మంటగా ఉండేది. 'మీకేం బాధ లేదా?' అని ఒకసారి అడిగాను. 'నాకు మూడేళ్లకొకరు వస్తారు. రైతుకు ఈ బ్రాంచి ఒక్కటే' అన్నారు. నేనైతే అంత శాంతంగా ఉండలేనేమో. అందరూ ఉండాలని కూడా చెప్పను.

ఇలాంటి మేనేజర్ల మీద ఒక పరిశోధన ఉంది. 2014లో అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ జర్నల్‌లో నథానియెల్ ఫాస్ట్, ఈథన్ బరిస్, కెరొలిన్ బార్టెల్ అనే ముగ్గురు రాశారు. ఒక బహుళజాతి చమురు కంపెనీలో చూస్తే, మేనేజరుగా తన సమర్థత మీద తనకే నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లు కిందివాళ్ల సలహాలు తక్కువ అడుగుతున్నారట. తర్వాత చేసిన ప్రయోగంలో, ఆ నమ్మకం తక్కువైనవాళ్లు సలహా చెప్పినవాళ్లను చిన్నచూపు చూశారట. దాని వెనక ఉన్నది అహం దెబ్బతింటుందన్న గుబులేనట. గురువుగారు ఆ పత్రిక చూసి ఉండరు. ఆయన దారీ, ఆ పరిశోధన చూపే దిక్కూ ఒకటే: సలహా చెప్పేముందు వినే మనిషి కాళ్ల కింద నేల గట్టిపడాలి.

ఇక్కడ తిమ్మరుసు గుర్తుకొస్తాడు. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు, గుమ్మడి గారు వేశారు ఆ వేషం. న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాసిపెట్టిన కథ ప్రకారం, కృష్ణరాయల కళ్లు పీకించమని అన్నగారు ఆజ్ఞ ఇస్తే మేక కళ్లు చూపించి కాపాడింది ఆ మంత్రి. చివరికి ఆ రాయలే మంత్రి కళ్లు పీకించాడని కూడా ఆయనే రాశాడు. ఇందులో ఎంత నిజమో చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం కథలో ఒక సంగతి బాగా నిజమనిపిస్తుంది. మనల్ని నిలబెట్టిన మనిషిని రోజూ ఎదురుగా చూడటం కష్టం. సీనియర్లు ఈ బరువును తేలిక చేయకపోగా పెంచుతారు. 'మీలాంటివాళ్లను ఎందర్ని తయారుచేశానో' అని అంటారు. 'మా పాత మేనేజరు గారైతే...' అని మొదలుపెడతారు. రీజనల్ మేనేజరు ముందు, అంకె ఒక్కటి తప్పు చెప్పగానే 'కాదు సార్, అది నలభై రెండు' అని సర్దుతారు. అంకె సరైనదే. కానీ ఆ గదిలో ఇక ఆ మేనేజరు ఆ అంకెను మరిచిపోడు, దాన్ని చెప్పిన నోటినీ మరిచిపోడు. పై ఆఫీసు నుంచి ఫోనొస్తే మేనేజరును తప్పించి తామే జవాబు చెప్పేస్తారు, పని తొందరగా అవుతుందని. ఏకు మేకైందని ఆయన అనుకుంటే ఆశ్చర్యం ఏముంది?

అందుకే ముందు సీనియర్లకు నా మాట. సలహా చెప్పేటప్పుడు తీర్పులా చెప్పకండి. 'ఇలా చేస్తే ఈ ఇబ్బంది, అలా చేస్తే ఆ ఇబ్బంది, మీరేమంటారు' అని ముందు పెట్టండి. మాట నోటితో చెప్పాక చిన్న నోట్ రాసి పెట్టండి, కింద మీ ఇనీషియల్స్ వేయండి. మెప్పు ఎవరికి వెళ్లినా ఆ రెండక్షరాలు ఫైల్లో ఉంటాయి. ఒకటి రెండుసార్లు మీ పని ఆయన ఖాతాలో పడితే పడనివ్వండి. కానీ నిబంధనకు విరుద్ధమైన పని చేయమంటే మాత్రం ఈ మర్యాదలన్నీ పక్కన పెట్టి, 'రాతపూర్వకంగా ఇవ్వండి సార్' అనండి. ఆ ఒక్క చోట మొహమాటం పనికిరాదు.

గురువుగారి దారి అన్నిచోట్లా పనిచేయదు. గుబులు ఉన్న మేనేజరు వేరు, కక్ష ఉన్న మేనేజరు వేరు. గుబులైతే జ్ఞానం చేతికిచ్చాక తగ్గుతుంది. కక్షయితే మీ దగ్గరున్నదంతా పుచ్చుకున్నాక ఇంకా పెరుగుతుంది. మూడు నాలుగు నెలలు చూసినా ఆయన మెత్తబడకపోతే, సెలవులు ఆపడం, అందరి ముందు తిట్టడం, మెమో మీద మెమో ఇవ్వడం ఆగకపోతే, అప్పుడు కాగితం దారి పట్టండి. తేదీలతో రాసుకోండి. యూనియన్‌కు చెప్పండి. బదిలీ అడగడం ఓటమేమీ కాదు. ఆరోగ్యం పాడుచేసుకుని గెలిచినవాళ్లను నేను చూశాను, అందులో గెలుపేమీ కనపడలేదు.

కాగితం దారి అన్నాను కాబట్టి, ఉద్యోగి పనితీరు మీద పై అధికారి రాసే వార్షిక నివేదికల గురించి ఒక మాట. దేవ్ దత్ అనే ఇంజనీరు కేసు ఉంది. ఆయన నివేదికలో 'గుడ్' అని రాశారు. చెడ్డ మాట కాదు కదా అని ఆయనకు తెలియజేయలేదు. ప్రమోషన్‌కు కావాల్సింది 'వెరీ గుడ్'. ఆ మంచి మాటే ఆయన ప్రమోషన్‌కు అడ్డం పడింది. 2008లో సుప్రీంకోర్టు, నివేదికలో ప్రతి గ్రేడునూ, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే 2009 ఉత్తర్వుల ప్రకారం నివేదిక మొత్తం చూపించి, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు ఇస్తారు. ఆ పదిహేను రోజుల్లో చాలామంది 'మనకెందుకులే' అని ఊరుకుంటారు. ఊరుకోకండి.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే మా పిల్లలు చెబుతుంటారు, అక్కడ యూనియనూ లేదు, బదిలీ అడిగే వీలూ తక్కువ, నలభై దాటితే పి.ఐ.పి. అని, పనితీరు మెరుగుపరచుకోమనే ఒక కాగితం చేతిలో పెడతారని. అక్కడ నోటిమాట అయ్యాక దాన్ని రెండు ముక్కల మెయిల్లో తిరగరాసి పంపుకోవడం మన నోట్ లాంటిదే. తగువుగా కాదు, 'మనం ఇలా అనుకున్నాం కదా' అని.

ఇక కొత్త మేనేజర్లకు. రేపు మీరు ఛార్జ్ తీసుకుంటారు, అందరూ 'సార్' అంటారు, ఒక పెద్దాయన్ని మాత్రం 'గురువుగారూ' అంటారు. మొదటి వారంలోనే మీ కుర్చీ తీసుకెళ్లి ఆయన కౌంటరు పక్కన వేసుకోండి, రద్దీ వేళ ఒక అరగంట. హాల్లో అందరికీ వినపడేలా, 'ఈ ఊళ్లో ఇది ఎలా చేస్తారండీ' అని అడగండి. మీ అంతట మీరు అడిగారు కాబట్టి అందులో తక్కువతనం ఉండదు. ఆయన చెప్పింది ఫైల్లో రాసి, ఆయన పేరు కూడా రాయండి. పై ఆఫీసు విజిట్‌కు వచ్చినప్పుడు ఆ పేరు మీ నోటితోనే చెప్పండి. ఆయన సీటు మార్చాల్సి వస్తే, అది మీ హక్కే, జూన్‌లో మాత్రం మార్చకండి.